రెండో మూకుడు

పొద్దున కాఫీ తాగకముందే మిద్దెక్కి పావురాలకు జొన్నలు చల్లి రావడం నాకు పదేళ్ళుగా అలవాటు. ఆ పావురాలు నావి కావు. కావు అని ఇప్పటికీ ఎందుకంటానో నాకే తెలియదు. మేత నాది, పెట్టె నాది, రెట్టలు గీకే పార కూడా నాదే. పోయిన ఎండాకాలం ఒక పొద్దున జాలీ తలుపు తీసేసరికి పిల్ల ఒకటి మూలకు ముఖం పెట్టి నిలబడి ఉంది. మూడు వారాల పిల్ల. ఆ వయసు పిల్లలు మనిషి అలికిడి వింటే చాలు, ముక్కు టకటకలాడిస్తూ ఒళ్ళు ఉబ్బించి మనల్నే బెదిరిస్తాయి. ఇది మాత్రం బడిలో తప్పు చేసి గోడవైపు తిరిగి నిలబడ్డ పిల్లాడిలా ఉంది. చేతిలోకి తీసుకుని చూస్తే నడినెత్తి నుంచి మెడ దాకా ఈక లేదు. కొన్నిచోట్ల తోలు కూడా లేదు. పచ్చి పుండు, దానిమ్మ గింజల రంగులో.

పిల్లి పనేమో అనుకున్నాను. జాలీ ఎక్కడా చెక్కు చెదరలేదు. ఎలుకేమో అనుకున్నాను, కానీ ఎలుక కాలినీ రెక్కనూ కొరుకుతుంది గానీ నెత్తిమీద ఇంత నేర్పుగా ఈకలు పీకదు. మరుసటి పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాను, దొంగను పట్టుకుందామని. కాసేపటికి పోతు పావురం పెట్టెలోకి దిగింది. నీలి బూడిద రంగు ఒళ్ళు, మెడమీద నెమలి మెరుపు, మా మిద్దె మీద అందరికన్నా అందగాడు. పిల్ల కీచుమంటూ రెక్కలు కొట్టుకుంటూ ఎదురెళ్ళింది. పోతు నోరు తెరిచి దాని ముక్కును తన గొంతులోకి తీసుకుని గింజలు కక్కి పెట్టింది. ఒక నిమిషం, నిమిషంన్నర. పిల్ల ఇంకా కావాలన్నట్టు మీదికి ఎగబడింది. అప్పుడు అదే ముక్కుతో, ఇంకా గింజ తడి ఆరని ముక్కుతో, దాని నెత్తిమీద పొడిచింది. ఒకసారి కాదు. పట్టి, మెలిపెట్టి, లాగింది. దొంగ దొరికాడు. దొరికాక ఏం చేయాలో తెలియలేదు.

ఆ రోజంతా నన్ను వేధించింది ఆ పుండు కాదు, ఆ నిమిషంన్నర. తిండి పెట్టకుండా కొట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది, కసాయి తండ్రి అనుకుని ఊరుకునేవాణ్ణి. పైగా పావురాల్లో తండ్రి అంటే ఉత్త తండ్రి కాదు. పెట్ట రోజు విడిచి రోజు అన్నట్టు రెండు గుడ్లు పెడుతుంది. పదిహేడు పద్దెనిమిది రోజుల పొదుగులో పగటి కాపలా చాలామటుకు పోతుదే, రాత్రి కాపలా పెట్టది. పిల్ల పుట్టిన మొదటి రోజుల్లో గింజ కూడా పెట్టవు. గొంతు కిందున్న తిండిసంచి గోడల్లోంచి జున్నులాంటి పదార్థం ఒకటి ఊరుతుంది, అదే పాలు. ఆ పాలు తల్లికీ పడతాయి, తండ్రికీ పడతాయి. ఆవుకూ మనిషికీ పాలు పడేట్టు చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోనే పావురానికీ ఆ పని చేస్తుంది. ఆ పేరు పుట్టిందే పావురం గొంతులోంచి. 1933 ప్రాంతంలో ఆస్కార్ రిడిల్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాల తిండిసంచి మీద పరీక్షలు చేసి దానికి ఆ పేరు పెట్టాడు. బిడ్డకు పాలిచ్చే తండ్రులు లోకంలో ఎన్ని జాతులకున్నారు? పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలకు ఆ భాగ్యం ఉంది. నాకైతే లేదు. అలాంటి తండ్రి, ఇలా.

చిత్తూరులో ఒక ముసలాయన ఉన్నాడు, మా వాడు మొదటి రెండు జతలు కొన్నది ఆయన దగ్గరే. ఫోన్ చేశాను. నా గొంతులో కంగారు విని నవ్వాడు. "మూకుళ్ళెన్ని పెట్నారు సార్?" అన్నాడు. జతకొకటి అన్నాను. "అదే సార్ కథ. పెట్ట మళ్ళా గుడ్డుకొచ్చుంటాది. పిల్లలేమో ఇంకా ఆడనే ఉండాయి. పోతు కొట్టేది కోపంతో కాదు సార్, పో, పో అని చెప్తా ఉండాది. పిల్లకి పొయ్యేదానికి చోటెక్కడుంది మీ పెట్టెలో?" వెళ్ళి చూస్తే నిజమే. గడ్డిపరకల మధ్య, పిల్లలు తొక్కి పాడుచేసిన అదే మూకుట్లో, ఒక తెల్లటి గుడ్డు. పిల్లలకు నెల నిండి తమంతట తాము గింజ ఏరుకునే వయసు రాకముందే పావురాలు తర్వాతి కాన్పుకు సిద్ధమైపోతాయి. పెట్ట గూటికి అంటుకుపోతుంది, పాత పిల్లల భారమంతా పోతు మీద పడుతుంది. ఒకవైపు పెట్టను గూటికి తరమాలి, ఇంకోవైపు పిల్లలను గూటినుంచి తరమాలి, మధ్యలో వాటి నోట్లో తిండీ పెట్టాలి. ఈ మూడు పనులకూ దానికున్నది ఒకటే ముక్కు.

ముసలాయన చెప్పినవి ఒక్కొక్కటే చేశాను. రెండో మూకుడు కొన్నాను. దాన్ని మొదటిదాని పక్కనే పెట్టకూడదట, ఎదురు మూలన, వీలైతే ఒక అడుగు పైన పెట్టాలట, కొత్త కాపురం అక్కడికి మారేట్టు. పగిలిన కుండ ఒకటి బోర్లించి పెట్టమన్నాడు, తరిమినప్పుడు పిల్ల దూరడానికి. జతల కన్నా గూళ్ళు ఎప్పుడూ నాలుగు ఎక్కువ ఉండాలన్నాడు, లేకపోతే దారి తప్పి పక్కింట్లో దూరిన పిల్లను అక్కడివాళ్ళు సొంత తండ్రికన్నా ఘోరంగా పొడుస్తారట. మేత తొట్టి ఖాళీ కానివ్వొద్దన్నాడు. ఇవన్నీ చేసినా కొట్టే జత ఉంటే? "ఉంటాయి సార్. కొన్ని జతలు పొదిగేదానికి పనికొస్తాయి, పెంచేదానికి పనికిరావు. వాటి గుడ్లు తీసి ఇంకో జత కింద పెట్టేసేదే." అంత తేలిగ్గా అన్నాడు. మనుషుల్లో ఇలాంటి మాట అంటే ఎన్ని ఇళ్ళు ఖాళీ అవుతాయో అని ఒక పాడు ఆలోచన వచ్చి పోయింది.

పిల్లను కిందికి తెచ్చాను. 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉన్న తిరుపతి మాది. మా వీధిలో అద్దెకుండే కుర్రాడు అక్కడే చదువుతున్నాడు. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడిగించి, బెటాడిన్ పలచగా రాయించి, ఎండాకాలం కదా, ఈగ వాలితే పురుగు పడుతుంది జాగ్రత్త అన్నాడు. చెప్పుల అట్టపెట్టెలో పాత పంచె ముక్క పరిచి వంటింటి కిటికీ కింద పెట్టాం. నానబెట్టిన శనగలు ఒక్కొక్కటే నోరు తెరిచి లోపలికి నెట్టాలి. మెడ కింద సంచి వేళ్ళకు తగిలేదాకా పెట్టి ఆపాలి. నీళ్ళు మాత్రం సులువు. పావురం కోడిలాగా గుక్క పట్టి తల ఎత్తదు, ఆవులాగా ముక్కు ముంచి పీలుస్తుంది. మొదటి రెండు రోజులు నా చెయ్యి నెత్తి దగ్గరికి వస్తే చాలు కళ్ళు మూసుకునేది. పుండుకు మందు రాస్తానని దానికి తెలియదు కదా. లేక, నెత్తి దగ్గరికి వచ్చేది ఏదైనా ఒకటే అని తెలుసో.

"అవి చూసుకుంటాయి లెండి, ప్రతిదాంట్లో మీరు దూరద్దు" అంది మా ఆవిడ. పల్లెలో పెరిగిన మనిషి, ఆమెకు ఇందులో వింతేమీ లేదు. కోడి ఎన్నాళ్ళని పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుంటుంది? గద్ద నీడ పడితే ప్రాణాలకు తెగించే ఆ కోడే, మళ్ళీ గుడ్డుకొచ్చే వేళకు పిల్లల్ని పొడిచి పొడిచి తోలేస్తుంది. మా వైపు దానికి "కోడి పిల్లల్ని ఇడిచేసింది" అంటారు. ఆ మాటలో నింద లేదు. చేను కోతకొచ్చింది అన్నట్టే అంటారు. రాబర్ట్ ట్రివర్స్ అనే జీవశాస్త్రవేత్త 1974లో రాసిన ఒక వ్యాసం, తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య తగువు ప్రేమ లేక వచ్చేది కాదని, ఇవ్వగలిగినదానికీ అడిగేదానికీ లెక్క కుదరక వచ్చేదని చెబుతుంది. ఏ బిడ్డయినా తనకు రావాల్సినదానికన్నా కొంచెం ఎక్కువే అడుగుతుంది. ఏ తల్లయినా పుట్టబోయేవాళ్ళ కోసం కొంచెం దాచుకుంటుంది. కోళ్ళను మేపే అవ్వలందరికీ తెలిసిన సంగతే ఇది, కాకపోతే వాళ్ళెవరూ వ్యాసం రాయలేదు. నా తగువు ఆ లెక్కతో కాదు. కోడి తోలేసిన పిల్ల దిబ్బ మీదికి పోతుంది, దొడ్లోకి పోతుంది. దాని నెత్తి మీద పుండు నేనెప్పుడూ చూడలేదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో, తెలుగులో వెలిగందల నారయ రాసిన భాగంలో, అవధూత యదురాజుకు తన ఇరవైనలుగురు గురువుల కథ చెబుతాడు. అందులో ఒక గురువు పావురం. వలలో పడ్డ పిల్లలను చూసి తల్లి తానూ వలలో పడుతుంది. తల్లినీ పిల్లలనూ చూసి తండ్రి కూడా వెళ్ళి పడతాడు. వేటగాడికి ఆ రోజు వెతుకులాట తప్పింది. సంసారం మీద అంత మోహం కూడదు అన్నది అవధూత నేర్చుకున్న పాఠం. బడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినన్నాళ్ళూ పావురం పిల్లల కోసం చచ్చిపోయేంత మెత్తనిదనే నమ్మాను. మరి అవధూత మా మిద్దె ఎక్కి ఉంటే ఏం నేర్చుకునేవాడు? నాకొక అనుమానం. ఆయన చూసిన పావురం అడవిలో చెట్టుమీద ఉంది. గూడు చాలకపోతే పక్క కొమ్మ ఉంది.

1949లో రెండు పావురాలు లోకం మీదికి వచ్చాయి. ఒకటి పికాసోది. ఆ ఏప్రిల్‌లో పారిస్‌లో జరిగిన ప్రపంచ శాంతి మహాసభ పోస్టర్ మీదికి ఎక్కింది. ఆ సభల రోజుల్లోనే పుట్టిన కూతురికి పావురం అనే అర్థం వచ్చేట్టు పలోమా అని పేరు పెట్టుకున్నాడు. శాంతి కపోతం అన్న మాట మన నోళ్ళలో నలగడానికి ఆ పోస్టర్ కూడా ఒక కారణం. రెండోది కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా జంతు శాస్త్రవేత్తది, అదే ఏడు జర్మన్‌లో వచ్చిన ఆయన పుస్తకంలోది. రెండు రకాల గువ్వలను, ఒక ఆడా ఒక మగా, జత కడతాయేమోనని పెద్ద పంజరంలో పెట్టి ఆయన వియన్నా వెళ్ళాడు. మర్నాడు వచ్చి చూస్తే మగగువ్వ నేలమీద పడి ఉంది, నెత్తీ మెడా వీపూ ఒలిచేసి. ఆడగువ్వ దానిమీద నిలబడి ఇంకా పొడుస్తూనే ఉంది. తోడేలు ఓడినవాడు మెడ చాపితే ఆగిపోతుంది, గువ్వ ఆగదు, ఎందుకంటే దానికి ఆగడం నేర్చుకునే అవసరమే రాలేదు, బయటైతే ఓడిన గువ్వ ఎగిరిపోతుంది కదా అన్నాడాయన. 1938లో నాజీ పార్టీలో చేరిన మనిషి క్రూరత్వం గురించి చెబుతుంటే వినడం కొంచెం ఇబ్బందే. అయినా ఆ పంజరం మాట మాత్రం నా మిద్దె మీద పెట్టెను చూసి చెప్పినట్టే ఉంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం గోవిందరాజస్వామి గుడి ముందు నిలబడి గోపురం వైపు చూశాను. మట్లి రాజులు కట్టించిన ఏడంతస్తుల గోపురం, దాని బొమ్మల సందుల్లో తరతరాల పావురాలు. పావురం పుట్టుకతోనే కొండచరియల పక్షి. మనం కట్టిన గోపురాలను కొండలనుకుని వచ్చి చేరింది. ద్వారపాలకుడి భుజం మీద ఒక పోతు పిల్లను తరుముతోంది. పిల్ల గెంతి మోచేతి మీదికి పోయింది, అక్కడ్నుంచి కింది అంతస్తు కప్పు అంచుకి. పోతు వెంటపడలేదు. మెడ ఉబ్బించి రెండు చుట్లు తిరిగి ఊరుకుంది. బాగుంది, నా సిద్ధాంతం నిలబడింది అనుకునేలోపే పక్క సందులోంచి ఇంకో పావురం వచ్చి ఆ పిల్లను రెక్కతో కొట్టి అక్కడ్నుంచీ తోసేసింది. గోపురం మీదా స్వర్గమేం లేదు. కాకపోతే ఇంకో అంతస్తు ఉంది.

చోటు లేకపోవడం. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే కుడి చెవి వెనక్కి పోతుంది. అక్కడ అర్ధరూపాయంత మేర వెంట్రుకలు మొలవవు. క్షవరం చేసే ప్రతి కొత్తవాడూ "ఏం సార్ ఇది, చిన్నప్పుడు పడ్నారా?" అంటాడు. పడ్డానంటాను. నగరిలో మాది ఒకటిన్నర గది ఇల్లు. ఆ ఒక గదిలో సగం గుంట మగ్గం. మిగిలిన సగంలో ఏడుగురం. మగ్గం నడిచేటప్పుడు పిల్లలెవరూ పడుగు దగ్గరికి రాకూడదు, పోగు తెగితే ఆ రోజు కూలి తెగినట్టే. రాకుండా ఎక్కడికి పోవాలి? మా నాయన మాటల మనిషి కాదు. ముందు ఒక చూపు, తర్వాత ఒక మొట్టికాయ. ఒక ఆడిమాసంలో, వాన కురుస్తుంటే, వీధిలోకి పోలేక నేను పడుగు కింద దూరాను. చేతిలో ఉన్నది నాడె. విసిరాడో, చేతిలో ఉండగానే తగిలిందో, ఇన్నేళ్ళకూ తేల్చుకోలేదు. ఆ రాత్రి సంగటి ముద్దలు నాకు ఆయనే తినిపించాడు. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ నాకు తినిపించిన గుర్తు లేదు.

చోటు లేకనే కదా అని ఆయన తరఫున వాదిస్తుంటాను, ఈ మధ్య మరీ ఎక్కువగా. వాదన పూర్తయ్యేలోపు ఒక సంగతి అడ్డొస్తుంది. అదే ఇంట్లో, అదే మగ్గం పక్కన పెరిగిన మా అన్న ఒంటిమీద ఒక్క గాటు లేదు. మూడంకణాల ఇంట్లో ఉండే మా చిన్నాన్న కొడుకుల్ని చెట్టుకు కట్టేసి కొట్టేవాడు. చిత్తూరు ముసలాయన ఈ మాట వింటే, కొన్ని జతలంతే సార్ అంటాడు. ఆయనకది జవాబు. నాకు కాదు. నేను ఉద్యోగం చేసి తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాక నాయనకు పైన ఒక గది ప్రత్యేకంగా వేయించాను. జీవితంలో మొదటిసారి ఆయనకంటూ ఒక తలుపు. వారం ఉన్నాడు. ఎనిమిదో రోజు చాప చుట్టుకుని కిందికొచ్చి, మనవడు చదువుకునే బల్ల పక్కన పరుచుకున్నాడు. పైన గాలి ఆడదన్నాడు. రెండు కిటికీలున్న గది అది.

కాణిపాకం మాకు దగ్గరే, ఏడాదికి రెండుమూడు సార్లు పోతుంటాం. గుడి పక్కన పారే ఏరు పేరు బాహుదా. శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు ఆకలికి అన్న తోటలో పండు అడగకుండా కోసుకుని తిన్నాడు. తప్పు తప్పే, రాజు దగ్గరికి పోయి శిక్ష తెచ్చుకో అన్నాడు అన్న. రాజు చేతులు నరికించాడు. మొండి చేతులతో తిరిగొచ్చిన తమ్ముణ్ణి చూసి అన్న ఏట్లో మునగమన్నాడు, మునిగితే చేతులు మళ్ళీ వచ్చాయి. భారతం శాంతిపర్వంలో ఉన్న కథ ఇది, చేతులిచ్చింది కాబట్టే బాహుదా అని మావాళ్ళు ఆ ఏటిని చూపిస్తారు. ధర్మం నిలబడింది, చేతులూ వచ్చాయి, కథలో అందరికీ బాగుంది. నన్నడిగితే, నరికించుకుని రమ్మన్న నోరూ, మునిగి తెచ్చుకోమన్న నోరూ ఒకటే కావడం దగ్గరే నేను ఆగిపోతాను. పెట్టిన ముక్కూ పొడిచిన ముక్కూ ఒకటే అయినట్టు. లోపల వినాయకుడి ముందు జనం గుంజీలు తీసి తమ నెత్తిన తామే మొట్టికాయలు వేసుకుంటారు. పోయిన నెల నేనూ వేసుకున్నాను. కణత మీద వేళ్ళు పడగానే కళ్ళు మూసుకుపోయాయి. భక్తితోనే అనుకుంటాను.

ఇంకొకటి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. మా వాడు పదో తరగతి అయిపోయిన జూన్‌లో వాణ్ణి తీసుకెళ్ళి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాను. ఇల్లు చాలకనా? మేడ మీద గది అప్పటికి ఖాళీగానే ఉంది. వాడు చదువుతున్నది చాలదనిపించింది, పావురాలతో పొద్దు గడుపుతున్నాడనిపించింది. బస్సెక్కే ముందు మేత ఎంత వేయాలో, ఏ జత ఏ గూట్లో ఉంటుందో కాగితం మీద రాసిచ్చాడు. మొదటి ఆర్నెల్లు ఫోన్ చేస్తే నాతో రెండు ముక్కలు, పావురాల గురించి పది ముక్కలు. ఇప్పుడు బెంగుళూరులో మంచి ఉద్యోగం. నవ్వుతూనే అంటుంటాడు, "నువ్వు నన్ను ఇడిచేసినావు కదా నాన్నా" అని. కోళ్ళ మాట అది, నింద లేని మాట. వాడు అనేటప్పుడు ఉందో లేదో ఫోన్‌లో తెలియదు.

పిల్ల కిటికీ కింద ఇరవై రోజులుంది. పక్కు కట్టి, ఊడి, కింద గులాబీ రంగు తోలు తేలింది. శనగలు తనంతట తాను ఏరుకోవడం మొదలుపెట్టాక పైకి తీసుకెళ్ళాను. పోతు కొత్త మూకుట్లో కొత్త గుడ్ల మీద కూర్చుని ఉంది. పిల్లను చూసి గుడుగుడుమంది, లేవలేదు. పిల్ల తిన్నగా పాత మూకుట్లోకి పోయి కూర్చుంది. దాన్ని ఇంకో గూటికి మార్చాను, మళ్ళీ అక్కడికే వచ్చింది. రెండు రోజులు అలా ఎత్తి పెడుతూ, అది తిరిగొస్తూ. మూడో రోజు బోర్లించిన కుండ నెత్తిన ఎక్కి నిలబడింది, అదే తన ఇల్లన్నట్టు.

నిన్న రాత్రి మా వాడు వీడియో కాల్ చేస్తే ఫోన్ పట్టుకుని మిద్దెక్కాను. టార్చి వేసి చూపించాను. ఈకలు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయి. ఒళ్ళంతా తండ్రి నీలమే, గాయమైన చోట మొలిచినవి మాత్రం తెల్లగా ఉన్నాయి, మూడో నాలుగో. "ఇంకొంచెం దగ్గరికి పెట్టు నాన్నా" అన్నాడు. పెట్టాను. నా చెయ్యి వెళ్ళేసరికి అది కళ్ళు మూసుకుంది.